వడోద్‌లో మూసిన తలుపు

రెండో విడత కరోనా కాస్త తగ్గిన వానాకాలంలో, ఒక సాయంత్రం వరంగల్‌లో అహ్మదాబాద్ రైలెక్కాను. సూరత్ మరమగ్గాల మీద బతికే మన తెలుగు నేత కుటుంబాల్లో, కొట్టే మొగుళ్ల నుంచి ఆడవాళ్లను ఆడవాళ్లే కాపాడుకుంటున్నారని విని, చూద్దామని బయల్దేరాను. రిజర్వేషన్ లేనిదే ఎక్కనివ్వడం లేదు. దుప్పట్లు ఇవ్వరు, మనమే తీసుకెళ్లాలి. నేను దగ్గగానే ఎదుటి బెర్తు సిరిసిల్లాయన కాళ్లు ముడుచుకున్నాడు.

"జర అటు తిరిగి దగ్గు సారూ. సావాల్నంటే సూరత్ పోయినంక సద్దాం, టికెటన్న దండుగ గాదు."

మర్నాడు మూడు దాటాక సూరత్‌లో దిగి, షేర్ ఆటోలో పాండేసరా మీదుగా మనవాళ్లుండే వడోద్ బస్తీ చేరాను. నర్సక్క ఎదురొచ్చింది. చీరలకు మెరుపు రాళ్లు అంటించే పని తెచ్చి గల్లీ ఆడవాళ్లకు పంచేది ఆమే. ఏ ఇంట్లో దెబ్బల చప్పుడు వినిపించినా, వీళ్లు చీరల మూటలతో వెళ్లి ఆ గడప ముందే కూర్చుంటారు. తిట్టరు, పంచాయితీ పెట్టరు. రాళ్లు అంటిస్తారు. అంతమంది ఎదుట చెయ్యెత్తడానికి మొగవాళ్లు జంకుతారు.

"ఇయాల మాత్రం భయమైతున్నది" అంది నర్సక్క.

వాళ్లతో కలిసి రాళ్లు అంటించే సుజాతకు కరోనా వచ్చిందని ఆమె భర్త గల్లీ అంతా చెప్పి తలుపేసుకున్నాడు. అప్పటినుంచి ఎవరూ అటు పోలేదు. ఆ పొద్దున పక్కింటామెకు గోడ అవతల ఏడుపు వినిపించింది.

"నిజంగానే జబ్బయితే?" అన్నాను.

"అయితే దవాఖానకు తోల్కపోవాలె గద! తలుపెందుకేసిండు?"

ఐదుగురు బయల్దేరారు. నన్ను మలుపు దగ్గరే ఆపేశారు. "నువ్వు రాకు సారూ. మొగమనిషిని చూస్తే ఆడు ఇంకింత లేస్తడు."

గడప ముందు చాపలు పరిచి, మాస్కులు పైకి లాక్కున్నారు. లోపలినుంచి అరుపు: "పోండ్రి! బీమారి అంటుకుంటే మీ పోరగాండ్లు గూడ సస్తరు!"

చంటిపిల్ల తల్లి ఒకామె లేచి నిలబడింది. కాసేపటికి మళ్లీ కూర్చుంది, కొంచెం ఎడంగా. అతను కర్రతో బయటికొస్తే నేను చేరేలోపు ఏమవుతుందోనని ఆ గడప దాకా అడుగులు లెక్కపెట్టుకున్నాను.

నర్సక్క తలెత్తకుండానే పిలిచింది. "సుజాతా, గమ్ము అయిపోయింది. నీతాన ఉన్నదా?"

చాలాసేపటికి గొళ్లెం కదిలింది. సుజాత గమ్ము ట్యూబు పట్టుకుని వచ్చి వాళ్ల మధ్య కూర్చుంది. దగ్గు లేదు. నుదురు చిట్లి ఉబ్బి ఉంది.

"చాయ్ ఎవలు పెడ్తరు?" అన్నాడు వెనకాలే వచ్చిన భర్త.

"నీకు చేతుల్లేవా తమ్మీ? మాక్కూడ పెట్టు" అంది నర్సక్క.

ఎవరూ నవ్వలేదు. చీకటి పడకముందే సుజాతను నర్సక్క ఇంటికి తీసుకెళ్లారు. మర్నాడు దవాఖానలో నుదుటికి కుట్లు వేశారు. కరోనా లేదన్నారు. ఆ రాత్రే నేను తిరుగు రైలెక్కాను.

పొద్దున భుసావల్‌లో టీ తాగుతుంటే నర్సక్క ఫోన్. "తెల్లారంగ ఆడు మా తలుపు కొట్టిండు. తీయలే. ఇప్పుడు మా వాకిట్లనే కూసున్నం."

"సుజాత?"

"అందరి నడుమ ఉన్నది. లోపటికి పొమ్మన్నా పోతలేదు."

సూరత్ వెళ్లేవారికి వడోద్ దారి కష్టమేమీ కాదు. అక్కడ మూసిన తలుపు ముందు గుంపుగా రాళ్లు అంటిస్తున్న ఆడవాళ్లు కనిపిస్తే, కాస్త దూరంలో ఆగండి. ఆ తలుపు తెరుచుకునేదాకా కదలకండి.