పెన్సిల్ తాత కార్బన్లు

ఆ రోజుల్లో వైరు లేని వస్తువంటే మాకు ఎంత గౌరవమో ఇప్పటివాళ్లకు చెప్పినా అర్థం కాదు. సెల్‌ఫోన్లు పల్లెల్లోకి వచ్చి నాలుగైదేళ్లయింది గానీ, కరెంటు మాత్రం ఇంకా వంతులవారీగానే వచ్చేది. అలాంటి కాలంలో నేను గుంటూరులో ఒక పనిముట్ల దుకాణంలో సేల్స్‌మన్‌గా చేరాను. ఏ మిషను గొప్పతనం ఏమిటో గడగడా అప్పజెప్పేవాణ్ణి. మూడు నెలలు తిరిగేసరికి వడ్రంగులకే రంపం గురించి పాఠం చెప్పే స్థాయికి వచ్చాను. (అప్పటికి నా చేత్తో నేను కోసినవి రెండే: పుట్టినరోజు కేకు ఒకటి, నా బొటనవేలు ఒకటి.) వచ్చినవాళ్లు మర్యాదకి తల ఊపితే, నా తెలివికి ఊపుతున్నారనుకునేవాణ్ణి.

ఇంట్లో చిన్నచిన్న పనులకి నాకూ ఒక బ్యాటరీ రంపం ఉండాలని కోరిక పుట్టింది. ఏది కొనాలన్నదే సమస్య. దుకాణంలో ఉన్నది బ్రష్ మోటారుది. అందులో రెండు చిన్న కార్బన్ ముక్కలు తిరిగే భాగాన్ని ఒరుసుకుంటూ కరెంటు అందిస్తాయి. ఒరుసుకుంటాయి కనక అరుగుతాయి, రవ్వలు లేస్తాయి, అరిగినప్పుడల్లా కొత్తవి వేయాలి. రెండోది బ్రష్‌లెస్. అందులో ఆ ముక్కలే ఉండవు, కాబట్టి అరిగేది లేదు, మార్చేది లేదు, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. దాని లోపమల్లా ఒక్కటే, అది మా దుకాణంలో లేదు. కంపెనీ ఏజెంటు తెచ్చిన రంగుల పుస్తకంలో ఉంది. "డ్రిల్లు వచ్చేసిందండీ, రంపం దాని వెనకాలే వస్తోంది" అని ఆయన వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. ఇప్పుడున్నది కొనాలా, రాబోయేదాని కోసం ఆగాలా అని ఎనిమిది నెలలు ఊగిసలాడాను. అద్దంకి దగ్గర మా ఊరికి వెళ్లిన ప్రతి ఆదివారం అన్నాల దగ్గర ఇదే చర్చ. ఒకరోజు మా నాన్న మజ్జిగ పోసుకుంటూ, "ఏది కొన్నా కోసేది నువ్వేగా. నా భయం దాని గురించిరా" అన్నాడు. ఆ మాటకి రోషం వచ్చి, వారం తిరక్కుండా బ్రష్ ఉన్నదే కొనేశాను.

ఆ ఏడు పత్తికి రేటు లేదని మా నాన్న పంటంతా ముందు గదిలో పోయించాడు. కిటికీ సగం వరకు తెల్లటి గుట్ట. మేము వసారాలో పడుకునేవాళ్లం, దేవుడి పటాలు కూడా వంటింట్లోకి మారాయి. ఆ గది తలుపు రెక్కొకటి, కొత్తగా పరిచిన నాపరాళ్లకి తగిలి కిర్రుమని రాసుకునేది. కింద వేలెడు మందం కోస్తే చాలు. ఇలాంటి పనులకి ఊళ్లో ఎవరైనా పిలిచేది పెన్సిల్ తాతనే. తెల్ల టోపీ, చెవి మీద ఎర్ర పెన్సిలు, చంకలో సంచీ. ఊళ్లో సగం ఇళ్లకి ద్వారబంధం ఎత్తి, కొత్త బట్టలు పెట్టించుకున్న సాయిబు ఆయన. "కబురు పంపనా?" అని అమ్మ అడిగితే, "ఇంకా తాతెందుకమ్మా? మిషనుండగా!" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను, వీధి వైపు తిరిగి మరీ.

ఎవరు చెప్పారో గానీ, ఆదివారం పొద్దున్నే తాత వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. సంచీ పక్కన పెట్టుకున్నాడు, విప్పలేదు. "చూసిపోదామని వచ్చా అబ్బాయ్, కానియ్" అన్నాడు. నేను తలుపు రెక్క ఊడదీసి, ముందు గదిలోనే రెండు స్టూళ్ల మీద పరిచాను. బయట వాకిట్లో చేసుకోవచ్చు, చోటుంది. కానీ వంకరగా కోస్తే వీధంతా చూస్తుందే! బటన్ నొక్కాను. రంపం గుయ్యిమంది. మోటారు గాలిరంధ్రాల్లోంచి నీలం రవ్వలు మిణుకుమిణుకుమన్నాయి.

"అదేందయ్యా, పత్తి పక్కన నిప్పు?" అన్నాడు తాత లేచి నిలబడుతూ.

"నిప్పు కాదు తాతా, కార్బన్ రవ్వలు. అన్ని బ్రష్ మోటార్లకీ ఉండేవే" అన్నాను, దుకాణంలో గొంతుతో.

మోటారు లోపలి ఫ్యాను గాలి పీల్చుకుంటుందని నాకు తెలుసు. ఆ పాఠం కూడా నేనే చెబుతాను. ఆ గదిలో గాలితోపాటు పత్తి నూగు కూడా ఉంటుందని మాత్రం తట్టలేదు. జానెడు కోశానో లేదో, కమురు వాసన వచ్చింది. రంధ్రాల్లో ఇరుక్కున్న నూగు ఎర్రబడి, ఒక పింజ గుట్ట అంచున పడి పొగ లేచింది. నేను రంపం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తాత ఒక్క అంగలో లోపలికొచ్చి ఆ పింజను ఎడమ అరచేత్తో అదిమిపట్టాడు. రెండో చేత్తో రంపం నా దగ్గర్నుంచి లాక్కుని, చెయ్యెత్తకుండా కిందినుంచే వాకిట్లోకి విసిరాడు. మా నాన్న బిందెడు నీళ్లతో పరిగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది. అమ్మానాన్నల ఏడాది కష్టం నా పక్కనే నిమిషంలో బూడిదయ్యేది. మా నాన్న బిందె దించి, తాత అరచేతిని ఆ నీళ్లలో ముంచాడు. నన్ను తిట్టినా బాగుండేది, అంత సిగ్గు నేను మళ్లీ ఎప్పుడూ పడలేదు.

తాత అరచేతికి అమ్మ వెన్న రాసింది. జానెడు కోత పడ్డ తలుపును వేపచెట్టు కిందికి మోసుకెళ్లాం. తాత సంచీ విప్పి చేతిరంపం తీశాడు. నాలుగుసార్లు లాగాడో లేదో ఆగిపోయాడు. కుడిచెయ్యి భుజం దగ్గర బిగుసుకుని, పైకి లేవడం లేదు.

"కాలింది ఎడమ చెయ్యి కదా తాతా?" అన్నాను.

"ఇది ఇయ్యాల్టిది కాదులేరా. ఏడాదైంది. ఎవురికీ చెప్పలా. చెబితే పనికి పిలవరుగా" అన్నాడు చిన్నగా.

ఎనిమిది నెలలు ఏ రంపం కొనాలా అని ఆలోచించినవాణ్ణి, రంపం ఎవరికి అవసరమో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పైగా ఈయనతో పనిలేదని వీధికి వినబడేలా చెప్పాను. వాకిట్లో పడ్డ రంపం తెచ్చి, మా నాన్న గడ్డం గీసుకునే బ్రష్షుతో నూగంతా దులిపి (ఆ బ్రష్షు సంగతి ఆయనకి ఇప్పటికీ తెలియదు) తాత చేతికిచ్చాను. తాత పెన్సిలు తీసి గీత గీశాడు. బటన్ నొక్కాడు. గీత మీద నుంచి వెంట్రుకవాసి కూడా తొలగకుండా రంపం ఈ చివర్నుంచి ఆ చివరికి పోయింది. తాత మొహం పండగ్గా ఉంది. "చెయ్యి ఎత్తే పన్లేదురా దీనికి! ఈ ఒక్కరోజు నా దగ్గరుంచుతా" అన్నాడు. ఆ ఒక్కరోజు ఎప్పటికీ ముగియలేదు, నేనూ అడగలేదు.

అప్పట్నుంచి నాలుగైదు నెలలకోసారి దుకాణానికి ఫోను వచ్చేది. "కార్బన్లు అరిగిపోయినయ్ రా, ఒక జత పంపు." అద్దంకి బస్సు కండక్టరుకి చిన్న పొట్లం ఇచ్చేవాణ్ణి. ఫోను పెట్టేసే ముందు ప్రతిసారీ అడిగేవాడు, "నీ బ్రష్‌లెస్ వచ్చిందా?" అని. "వెనకాలే వస్తోందంట తాతా" అనేవాణ్ణి. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఆ కబుర్లలోనే ఎవరింట్లో తలుపు, ఎవరింట్లో మంచం, అన్నీ తెలిసేవి. పనికి పిలుస్తున్నారన్నమాట, అదే నాకు కావలసింది.

ఒక ఏడు, రావలసిన వేళకి ఆ ఫోను రాలేదు. మరో రెండు నెలలు చూసి, నేనే చేశాను. తాత పోయి నలభై రోజులు దాటిందని ఆయన మనవరాలు చెప్పింది. ఫోను వస్తుందని ముందే కట్టి ఉంచిన కార్బన్ల పొట్లం నా సొరుగులోనే ఉండిపోయింది.

ఆ తర్వాత కొన్నేళ్లకి బ్రష్‌లెస్ రంపం నిజంగానే వచ్చింది. కొన్నాను. ఏజెంటు చెప్పిందంతా నిజమే. ఎవరైనా అడిగితే ఇప్పటికీ అదే కొనమంటాను, పత్తి ఉన్న ఇంటికైతే మరీను. కానీ ఎప్పుడైనా సొరుగులో ఆ పొట్లం చేతికి తగిలితే, ఎనిమిది నెలలు తల బద్దలుకొట్టుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వొస్తుంది. కొత్తదాంట్లో అరిగేదేమీ లేదు. ఇన్నేళ్లలో దాని కోసం నాకు ఒక్క ఫోను కూడా రాలేదు.