కాకి ముట్టిన నాటి మాట

గూడూరు ఊళ్ళె రాజేశం డెబ్బయి ఒకటిలో, నాట్లప్పుడు, తన ప్రాణం తానే తీసుకున్నడు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో జైలుకు పోయివచ్చినంక ఆయన చదువు సాగలేదు, నౌకరి దొరకలేదు. "జైల్ల కూడే మంచిగుండెనారా?" అని తండ్రి రోజూ కంచం ముందట అనేటోడు. ఆ మాట వాడకట్టంతా విన్నదే. కాని రాజేశం పోయిన తెల్లారి అందరు తప్పుపట్టి చూసింది మాత్రం భార్య కౌసల్య దిక్కు. ఆమెకు పందొమ్మిదేండ్లు. చంకల ఏడాది పిల్ల బుజ్జి.

మూడోనాడు చెరువు గట్టు కాడ పిట్టకు పెట్టిన్రు, కాకి ముట్టాలెనని. రాజేశం ఇష్టంగ తినే పప్పు, అన్నం విస్తరిలో పెట్టి అందరు దూరం జరిగిన్రు. పోయినోని మనసుల కోరిక మిగిలితే కాకి ముట్టదంటరు. కాకులు కొమ్మల మీదనే కూసున్నయి, దిగుతలేవు. "నీ బిడ్డను సాదుత నాయినా" అని తండ్రి మొక్కిండు. దిగలేదు. "నీ పేరు నిలుపుత అన్నా" అన్నడు తమ్ముడు. దిగలేదు. పొద్దు నెత్తిమీదికొచ్చింది. అత్త కనకవ్వ కౌసల్య రెక్క పట్టి ముందటికి గుంజింది.

"నువ్వను. ఇంకొకని చెయ్యి పట్టనని అను. నా కొడుకు గదే ఇనాలెనని ఉన్నడు."

కౌసల్య ఆ మాటే అన్నది. అన్నదో లేదో, కాకి దిగి మెతుకు ముట్టింది.

ఇక అందరికి అది రాజేశం నోటి మాటే అయింది. అప్పటినుంచి కౌసల్య నీళ్ళకు పోతే ఎదురొచ్చేటోళ్ళు ఆగి, వెనుకకు మర్లి, మళ్ళ బయలెల్లేటోళ్ళు. ఇంట్ల కనకవ్వ పొద్దున లేస్తనే "మొకం అటు తిప్పుకో" అనేది.

నాలుగేండ్లకు ఆమె అన్న తిరిగి తిరిగి మహబూబాబాద్ దవాఖానల ఆయమ్మ పని ఇప్పిచ్చిండు. పొద్దుగాల బస్సుకు పోయి పొద్దుమీకి వచ్చేది. బుజ్జి నాయినమ్మ కాడ పెరిగింది, నాయినమ్మ మాటలు వినుకుంటనే పెరిగింది.

దవాఖానల పుండ్లకు కట్లు కట్టే సాంసన్ ఉండె. భార్య కామెర్లతో పోయి, ఒంటిగ ఉన్న మనిషి. పొద్దున కౌసల్యను చూసి మిగతావాళ్ళు పక్కకు జరిగితే, ఆయన రోజూ పనిగట్టుకొని గేటు కాడ ఎదురుంగ నిలబడేటోడు.

"జర ఇటు చూడు కౌసల్యమ్మా. నీ మొకం చూస్తెనే నా చెయ్యి వణకది, కట్టు మంచిగ పడ్తది."

కౌసల్య దవాఖానల మొగోళ్ళందరిని అన్నా అని పిలిచేది. సాంసన్‌ను మాత్రం ఏమీ అనకుంట పిలిచేది. మిగతా ఆయమ్మలు అది కనిపెట్టి నవ్వుకున్నరు. ఒకనాడు ఆయన పెండ్లి చేసుకుందమా అని అడగనే అడిగిండు. ఆమె కాకి సంగతంతా చెప్పింది. సాంసన్ వెక్కిరించలేదు.

"మాట ఇచ్చినవ్ గద. తప్పుమని నేనెట్ల అంట? గిట్లనే గేటు కాడ నిలబడ్త."

రెండేండ్లు నిలబడ్డడు.

డెబ్బయి ఎనిమిదిలో ఆనాడు పిట్టకు పెట్టిన కాడ ఉన్న గూడూరు చాకలి సాంబయ్య కాలు తెగి దవాఖానకొచ్చిండు. కౌసల్య ఆ కాలు గోరువెచ్చటి నీళ్ళతో కడుగుతుంటే ముసలాయన కండ్ల నీళ్ళు పెట్టుకున్నడు.

"బిడ్డా, ఆ కాకి నీ మాటకు దిగలే. గట్టు ఎనుక కుక్క పండుకొని ఉండె. మీరున్న కాడికి అది కనవడది. నువ్వు మాట్లాడంగ నేనే రాయి ఇసిరి ఎళ్ళగొట్టిన. కుక్క పోయింది, కాకి దిగింది. గంతే."

"ఏడేండ్లాయె తాతా! ఎందుకు చెప్పలే?"

"అందరు కాకికి దండం పెడుతుండ్రి. అండ్ల నేను కుక్క ముచ్చట చెప్తె తన్నకుందురా?"

ఆమెకు ముందుగాల నవ్వొచ్చింది. తర్వాత చాలాసేపు ఏడ్చింది.

ఇంటికి పోయి కుక్క సంగతి, సాంసన్ సంగతి చెప్తే కనకవ్వ కుక్కి మంచం మీదనుంచి లేవనన్న లేవలేదు. "కుక్కనట! మొగడు కావాలెనని కుక్కను సాక్ష్యం తెచ్చినవా? పో. పిల్ల మా రక్తం. పిల్లను ముడితే చేతులు ఇరుగుతయి."

సాంసన్ బుజ్జిని తీసుకరమ్మన్నడు, పిల్లకని చిన్న మంచం కూడ అల్లిచ్చిండు. కౌసల్య చెయ్యి చాపితే ఎనిమిదేండ్ల పిల్ల నాయినమ్మ వెనుక దాగింది. "నువ్వు మా నాయినకు మాట తప్పినవ్" అన్నది.

పెండ్లి ప్రార్థనకు ఆయమ్మలే పూలు గుచ్చి తెచ్చిన్రు, ఇంట్ల పొయ్యి ముట్టిచ్చిన్రు. దేవుడు అట్లాంటి చేతులతోనే పనిచేస్తడు. అదే దినం గూడూర్ల కనకవ్వ, కోడలు చచ్చిందని తలమీద నీళ్ళు పోసుకున్నది. బుజ్జి నెత్తిన కూడ పోసింది.

సాంసన్ ఇంట్ల కౌసల్యకు ఒక్క కఠినమాట లేదు. ఆయన ముందుగాల లేచి ఆమెకు చాయ పెట్టి ఇచ్చేటోడు. ఆ చాయ తాగుకుంటనే ఆమె గూడూరు బస్సు చప్పుడు వినేది. సెలవునాడల్లా పోయి కనకవ్వ వాకిట్ల నిలబడితే తలుపు పడేది.

ఎనభై రెండులో కనకవ్వ జరంతో దవాఖానల పడ్డది. కౌసల్యనే పక్క మార్చింది, ఒళ్ళు తుడిచింది. ముసలామె గోడ దిక్కు తిరిగి తుడిపిచ్చుకున్నది. మూడోనాడు బుజ్జి గంజి గిన్నె పట్టుకొని వచ్చింది. పన్నెండేండ్ల పిల్ల, రాజేశం కండ్లు.

"ఆయమ్మా, మా నాయినమ్మకు మంచినీళ్ళు కావాలె."

కౌసల్య గ్లాసు కడిగి నీళ్ళు పట్టి ఇచ్చింది. పిల్ల ఆ నీళ్ళు పారబోసి, గ్లాసు మళ్ళ కడిగి, తానే నీళ్ళు పట్టుకున్నది.

ఆ సాయంత్రం సాంసన్ అన్నం పెట్టి పక్కన కూసున్నడు.

"ఇయ్యాల బుజ్జి నాతోని మాట్లాడింది" అన్నది కౌసల్య.

"ఏమన్నది?"

"నీళ్ళు అడిగింది."