కదలాల్సిన గోడ

అది ఆదివారం. పొద్దున పదీ ఇరవై. జగిత్యాల ఇండోర్ హాలు గడియారంలో చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. అప్పట్లో నేను చదవగలిగినవి అంకెలు మాత్రమే. యాభై రెండేళ్లు వచ్చినా అక్షరం ముక్క రాదు.

నిన్న కోరుట్లలో మా టెంట్ హౌస్ గోదాము సర్దుతుంటే అడుగున పాత కొబ్బరి తాళ్ల చుట్ట దొరికింది. విప్పగానే తడిసి ఆరిన పీచు వాసన గుప్పుమంది. లోపలి నుంచి ఒక తెల్లని ప్లాస్టిక్ బంతి గచ్చు మీద పడి టకటకా దొర్లింది. ఒళ్లంతా చిల్లులున్న బోలు బంతి. ఆ చప్పుడు విన్నాక ఇక పని సాగలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మల్లేశన్న గుర్తుకొచ్చాడు.

మల్లేశం ఈ టెంట్ హౌస్ పెట్టిన మనిషి. నాకంటే ఆరేళ్లు పెద్ద. నేను సిరిసిల్లలో ఇరవై ఏళ్లు మరమగ్గాల మీద పనిచేసి, దగ్గు పట్టుకుని, మానుకుని వస్తే నన్ను పనిలో పెట్టుకున్నాడు. మొదటిరోజు నేను కట్టిన పందిరి ముడిని లాగి చూసి, "ఏం ముడేసినవ్ లింబయ్యా! గాలికి పెండ్లికొడుకన్న ఎగిరిపోతడేమో గని గీ పందిరి ఎగరది" అన్నాడు. తెగిన పోగులు ముడేసీ ముడేసీ అరిగిన వేళ్లు నావి. వాటిని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మెప్పే తర్వాత కొంప ముంచింది.

ఆ ఏడు మన జట్టూ, చుట్టుపక్కల దేశాల మగవాళ్ల జట్లూ జగిత్యాలలో ఫ్లోర్‌బాల్ ఆడాయి. ఆ ఆట పేరు మేమెవరం వినలేదు. హాకీ లాంటిదే, కానీ హాలు లోపల ఆడతారు. తేలికపాటి కర్రలు, చిల్లుల బంతి, ఆడే చోటు చుట్టూ మోకాలెత్తు ప్లాస్టిక్ పలకల గోడ. కుర్చీలు వేయడం, పరదాలు కట్టడం, ఆ గోడ నిలబెట్టడం మా పని. దేశాల వాళ్లు మన కుర్చీల్లో కూర్చుంటారని మల్లేశన్న వారం ముందు నుంచే ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని తిరిగాడు. సిరిసిల్ల నుంచి కొత్త నీలం పరదాలు తెప్పించాడు.

శనివారం మధ్యాహ్నం కుర్చీల కోసం కోరుట్లకు బయల్దేరుతూ నా చేతిలో కాగితం పెట్టాడు. "డ్రిల్లు సారు చెప్పినయన్ని రాసిన లింబయ్యా. సదివి గట్లనే చెయ్యుర్రి. పొద్దుగూకేవరకు నేనస్త."

తలూపి జేబులో పెట్టుకున్నాను. మూడేళ్లుగా అలా తలూపుతూనే ఉన్నాను. పేరొక్కటి బొమ్మ గీసినట్టు గీయడం నేర్చుకుని నెట్టుకొస్తున్నాను. నాతో పనిచేసే సాయిలు, "ఏం రాసిండే?" అన్నాడు.

"ఏముంటది, గట్టిగ కట్టుమన్నడు."

ఆ పలకలు ఒకదానికొకటి క్లిప్పులతో అతుక్కుంటాయి, అంతే. సాయిలు కాలితో తంతే ఒకటి జరిగి పడిపోయింది. "గిదేం గోడనే, మేకపిల్ల దీన్ని దుంకది, తోసుకపోతది" అని నవ్వాడు. నేను కట్టిన పందిరి నలుగురిలో ఊగినంత సిగ్గేసింది. పలకల వెనక ఇనుప పైపులు పరిచి, ఒక్కో పలకనూ కొబ్బరి తాడుతో పైపుకు బిగించి, పైపులను హాలు స్తంభాలకు కట్టేశాను. తాళ్లు కనబడితే బాగుండదని బయటివైపు పరదా జార్చాను. తన్ని చూశాను. కదల్లేదు. సాయంత్రం మల్లేశన్న వచ్చి పరదా చూశాడే గానీ తాడు చూడలేదు. "షాందార్ ఉన్నది లింబయ్యా" అన్నాడు. ఆటకు ముందు చూసిపోయిన వాళ్లకూ పరదాయే కనబడింది.

ఆదివారం మనవాళ్లకూ నేపాల్‌కూ ఆట. పూర్ణ అనే నేపాల్ పిల్లవాడు బంతి వెంట మూలకు ఉరికి, ఆగలేక, జారుకుంటూ వచ్చి గోడను గుద్దుకున్నాడు. ఆ దెబ్బకు గోడ జరగాలి. జరగలేదు. అతని కాలి ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. అతణ్ని చూడలేక గడియారం వైపు చూశాను.

రిఫరీ వచ్చి పరదా ఎత్తాడు. ఆట ఏర్పాట్లు చూస్తున్న మేడిపల్లి బడి డ్రిల్లు సారు, కృష్ణ, వెనకాలే ఉరికొచ్చాడు. "ఎవలు కట్టిన్రు గీ తాళ్లు? కట్టద్దని నీకు చిలక్కు చెప్పినట్టు చెప్పిన గద మల్లేశం!"

మల్లేశన్న వంగి ముడిని చూశాడు. అది ఎవరి ముడో ఆయనకు తెలియకపోవడం ఉండదు. నా వైపు తిరగలేదు. "నేనే కట్టిన సారూ" అన్నాడు.

నేను నోరు మెదపలేదు. ఇన్నేళ్ల తర్వాత దానికి సాకు చెప్పను. భయపడ్డాను, అంతే.

సాయంత్రానికల్లా మా సామాను తీసేయమన్నారు. మిగతా రోజులకు వేరే వాళ్లను పెట్టుకున్నారు. మల్లేశన్న బత్తాయిలు పట్టుకుని ఆస్పత్రికి వెళ్లాడు. తిడతాడనుకున్న పిల్లవాడు ఈ బంతి చేతిలో పెట్టి పంపాడట. దాన్ని ఆయన ఆ తాళ్ల చుట్టలోనే దాచినట్టున్నాడు. కోరుట్ల చాయ్ హోటల్లో మాత్రం చాలాకాలం, "ఏందే మల్లేశం, ఇంక గోడలకు గూడ తాళ్లు కడుతున్నవా?" అనేవాళ్లు. ఆయన నవ్వి చాయ్ తాగేవాడు.

ఆట జరిగిన మర్నాడు గోదాములో మల్లేశన్న అడిగాడు. "కాయితమేది?"

తీసిచ్చాను. వేసిన మడత వేసినట్టే ఉంది.

"సదువు రాదా?"

"రాదన్నా."

"మూడేండ్ల సంది ఎందుకు చెప్పలే?"

"నువ్వెన్నడన్న అడిగినవా?"

ఆయన కాగితం మడత విప్పి చూసుకున్నాడు. "అవ్, అడగలె. కాయితమిచ్చిన గని సదువస్తదా అని అడగకపోతి. నేనే కట్టిన అన్నది అబద్ధమేం గాదు పో" అన్నాడు. పొమ్మంటాడనుకుని చెప్పులు తొడుక్కున్నాను. ఆయన లోపలికి వెళ్లి ఎర్ర రంగు డబ్బా, కుంచె తెచ్చాడు. "కుర్చీల మీద పేరు ఎలిసిపోయింది. ఇయాల్టి సంది నువ్వే రాయాలె."

పెళ్లిళ్లలో వేరే వాళ్ల సామానుతో కలిసిపోకుండా మా కుర్చీల వెనక, వంట గంజుల మీద దుకాణం పేరుంటుంది. ఆయన సుద్దతో అక్షరం గీస్తే దాని మీద నేను రంగు దిద్దేవాణ్ని. ఒక అక్షరం అన్ని కుర్చీల మీదా అయ్యాకే రెండోది. "గది మ గాదే, సొట్టవడ్డ గంజు" అని తిట్టి తుడిపించేవాడు. ఆ ఎండాకాలమంతా పెళ్లివారు నా వంకర అక్షరాలకు వీపులానించి కూర్చున్నారు. పేరయ్యాక గుణింతాలు, ఆ తర్వాత పేపర్లో పెద్దక్షరాలు. నాకు నేనుగా మొదట చదివిన కాగితం మాత్రం ఆనాడు ఆయన ఇచ్చిందే; దాచిపెట్టి మళ్లీ నా చేతిలో పెట్టాడు. "గోడకు తాడు కట్టద్దు. గుద్దితే జరగాలె. ఆడెటోళ్లకు దెబ్బ తాకద్దు." మూడు ముక్కలు.

"అందరికి చెప్తనన్నా, కట్టింది నేనని" అన్నాను ఆయనతో.

"ఇప్పుడెందుకే. ముడి ఇప్పేసినం గద."

మల్లేశన్న పోయి రెండేళ్లయింది. తాడు కట్టాడన్న మాట ఆయన మీదే ఉండిపోయింది. ఇప్పుడు పనిలోకి కొత్తగా ఎవరొచ్చినా పక్కకు పిలిచి, నలుగురిలో కాకుండా, చదువొచ్చా అని అడుగుతాను. రాదంటే రంగు డబ్బా ఇస్తాను. అదొక్కటీ ఆయన పద్ధతిలో చేస్తున్నాను. ముడి విప్పేశామని ఆయన అన్నాడు గానీ, నేనింకా విప్పలేదు. ఇప్పుడు నా చేత్తో రాసి విప్పుతున్నాను.

ఆ ఆదివారం ఆ మూలన ఉన్నవాళ్లు: కాలు విరిగిన పూర్ణ. పరదా ఎత్తిన రిఫరీ, ఆయన పేరు అడగలేదు. మేడిపల్లి డ్రిల్లు సారు కృష్ణ. మా సాయిలు. తాడు కట్టని మల్లేశం. తాడు కట్టిన లింబయ్య.