బాబావలి గారు అనని మాట

లోకంలో కొందరు ఉల్లిపాయ ముట్టరు. కొందరు మంగళవారం గడ్డం గీయరు. బాబావలి గారు ‘రద్దు’ అనే మాట అనరు. ఆ వ్రతానికి ఉద్యాపన లేదు.

మామూలు మనిషికి ఇదేమంత ఇబ్బంది కాదు. కూరగాయలమ్మేవాడు ఆ మాట అనకుండానే జన్మంతా హాయిగా వెళ్ళదీయగలడు. కానీ బాబావలి గారు రియాద్‌లో ఒక రైల్వే కంట్రోల్ రూములో ప్లానింగ్ బృందానికి పెద్ద. పట్టాల మీదికి ఇసుక కొట్టుకొచ్చినా, ఒంటె వచ్చి ధ్యానముద్రలో కూర్చున్నా, సిగ్నల్ అలిగినా, ఏ బండి పోవాలో ఏది పోకూడదో తేల్చేది ఆ బృందమే. అంటే ‘రద్దు’ అనడానికే జీతమిచ్చి పెట్టుకున్న మనిషి ఆ ఒక్క మాటా అననని భీష్మించాడన్నమాట. దర్జీ కత్తెర పట్టనని ఒట్టు పెట్టుకున్నట్టు.

కాకినాడ నుంచి కొత్తగా వచ్చి బృందంలో చేరిన ఉదయకిరణ్‌కు ఈ సంగతి మొదటి రోజే క్యాంటీన్‌లో తెలిసింది.

“బిర్యానీ లేదంటండీ. ఇవాళ్టికి రద్దంట” అన్నాడు.

బాబావలి గారు చెవిలో చీమ దూరినట్టు మొహం పెట్టారు. “అట్లనగూడదబ్బీ. బిర్యానీ ఆలస్యంగా నడుచ్చాంది.”

“ఎప్పటికొస్తుందండీ?”

“వచ్చే గురువారం.”

ఆయనది ప్రొద్దుటూరు పక్క. కోపమొచ్చినా గొంతు పెరగదు, యాస చిక్కబడుతుంది. అన్నం కలుపుకుంటూనే శిష్యుడికి ఉపదేశం చేశారు. “బండిని ఆలస్యం చెయ్. దోవ మళ్ళించు. సగంలో ఆపి ఎనక్కి తిప్పు. రెంటిని కలిపి ఒకటి చెయ్. ఏదీ కుదరకపోతే జనాన్ని బస్సెక్కించు. ఇన్ని దోవలుండంగా ఆ పాడు మాటెందుకు మనకు?”

ఈ పంచసూత్రాలను ఆయన బండ్లతో సరిపెట్టి ఉంటే బాగుండేది. జెద్దాలో పనిచేసే రోజుల్లో షరఫియాలో ఒక దర్జీకి సఫారీ సూటు గుడ్డ ఇచ్చారు. ఆ దర్జీ దుకాణం ఎత్తేసి సొంతూరు వెళ్ళిపోయాడు. అక్కడిప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ‘సఫారీ ఏమైందండీ?’ అని ఎవరైనా అడిగితే ‘దోవలో ఉంది’ అంటారు. ఈలోగా ఆయన నడుము పాత కొలతను చిన్న స్టేషన్‌లా ఆగకుండా దాటిపోయింది.

అభా పిక్నిక్ కథ ఇంకా గొప్పది. ఆఫీసు డ్రైవరు మౌలాలి ఒకసారి టీ తాగుతూ, “రియాద్ ఎండకు మెదడు ఉడికిపాయె సార్. అభా కొండల్లో మబ్బులు చేతికందుతయంట” అన్నాడు. వెంటనే పిక్నిక్ నిశ్చయమైంది. ఒక ఏడాది వ్యాను చెడింది. ఒక ఏడాది హజ్ రద్దీ వచ్చింది. మరో ఏడాది అందరికీ జలుబు చేసింది. అందరూ ఆ సంగతి మరిచిపోయారు. బాబావలి గారి వెనక తెల్లబోర్డు మీద మాత్రం ‘అభా: ఆలస్యం’ అన్న రెండు మాటలు శాసనంలా నిలిచి ఉన్నాయి. వాటిని తుడవబోయి చీవాట్లు తిన్న వాళ్ళలో తుడిచే పనివాడు కూడా ఉన్నాడు.

ఆ బోర్డు పక్కనే గోడకు ఒక మేకు. ఏటా సమయపాలనలో మొదటొచ్చిన బృందానికి ఇత్తడి ఫలకం ఇస్తారు. దాన్ని తగిలించుకోవడానికని కొట్టిన మేకు అది. ఫలకం మాత్రం ఏటా పక్క గది బృందానికే పోతుంది. మేకుకు బాబావలి గారి టిఫిన్ సంచీ వేలాడుతుంది. ‘ఒక్క బండీ ఆపలేదు’ అనిపించుకుని ఫలకం కొట్టాలనే ఆశతోనే ఆయన ఈ వ్రతం పట్టారని ఆఫీసంతా నమ్మేది. ఉదయకిరణ్ కూడా నమ్మాడు. పాపం, ఇత్తడి పిచ్చి అనుకున్నాడు.

ఇంతలో ఒక శుక్రవారం పొద్దున ఎడారికి కోపమొచ్చింది. గాలి తగ్గేసరికి ఖసీం, మజ్మా స్టేషన్ల మధ్య పట్టాలు లేవు. అంటే ఉన్నాయి, ఇసుక కింద. రియాద్ రావలసిన మధ్యాహ్నం బండి ఖసీంలోనే నిలబడిపోయింది. రియాద్ నుంచి ఖసీం పోవలసిన బండి మజ్మా దాకా వచ్చి అక్కడ నిలబడింది. నడుమ ఇసుక, వియ్యాలవారి మధ్య మాటపట్టింపులా, ఎవరినీ అటూ ఇటూ కదలనివ్వడం లేదు.

బాబావలి గారు ఇసుక తీసే వాళ్ళతో మాట్లాడటానికి పక్క గదిలోకి వెళ్ళారు. అదే సమయానికి మేనేజరు అబ్దుల్ ఘనీ గారు వచ్చారు. హైదరాబాదు మనిషి, మంచివాడే, కానీ పై నుంచి ఫోన్ వస్తే కింద ఉన్నవాళ్ళ మీద తిట్ల వర్షం కురిపిస్తారు.

“ఏం చూస్తున్నవ్ ఉదయ్? ఖసీం బండి రద్దు కొట్టు. ఇసుక తీసేసరికి సాయంత్రమైతది.”

“బాబావలి గారిని ఒక్క మాట అడిగి…”

“ఆయన్ని అడిగితే వచ్చే గురువారం నడుపుతా అంటడు. కొట్టు!”

ఉదయకిరణ్ కొట్టాడు. తెరమీద బండి నంబరు ఎర్రబడింది. అంత దూరాన ఖసీం స్టేషన్‌లో బోర్డు కూడా ఎర్రబడి ఉంటుంది. అప్పుడే బాబావలి గారు వచ్చారు. తెరను చూశారు. అయినవాళ్ళ ఇంటి ముందు చెప్పులు ఎక్కువగా కనిపించినప్పుడు ఆగినట్టు ఆగారు.

“ఎవరు చేసింది?”

“నేనేనండీ.”

“నంబరు మల్లా లేచ్చాదా?”

ఒకసారి ఎర్రబడిన నంబరు ఆ రోజుకు ఇక లేవదు. రేపటిదాకా సమాధే. నంబరు లేని బండిని డ్రైవరు అంగుళం కూడా కదపడు.

ఫోన్ మోగింది. బాబావలి గారు స్పీకరు నొక్కారు. ఖసీం స్టేషన్ నుంచి జిలానీ. బాబావలి గారి వైపు వాడే, అక్కడ ప్రయాణికులకు దారి చూపించే ఉద్యోగం.

“అన్నా, బోర్డు ఎర్రబడింది. జనం తిట్టుకుంటా పోతాండారు. మన పక్క ఆమె ఒకామె మాత్రం పెట్టె మింద కూచ్చుని లేచ్చాల్యా. నువ్వే మాట్లాడు.”

ఆమె పేరు గురవమ్మ. ఖసీం పక్కనే ఉన్న ఉనైజాలో ఒక ఇంట్లో వంట చేసేది. పని మానుకుని ఇంటికి పోతోంది.

“ఏమ్మా, యా ఊరు మీది?”

“రాయచోటి కాడ. మీరేనా సామీ బండ్లు నడిపేది?”

“మేమేనమ్మా.”

“మరి నడపండి! నన్ను ఊరికి పంపే ఫైనల్ ఎగ్జిట్ కాయితం గడువు ఈ పొద్దుతో సరి. సాయంత్రం రియాద్‌లో ఇమానం. ఇది తప్పితే ఆ కాయితం కోసం మల్లా ఆ యజమాని, కఫీల్ ఇంటికే పోవాల. ఆ ఇంట్లో ఆర్నెల్లు అడిగితే ఒకసారి ఇచ్చినారు కాయితం. మల్లా అడిగితే వంటింట్లోకి తోచ్చారు. బోర్డు మింద ఏం రాసినారో నాకు సదవను రాదు. బండొచ్చాదా, రాదా?”

గదిలో అందరూ ఆయన నోటి వైపే చూశారు. ఘనీ గారు తల అడ్డంగా ఊపారు.

“వచ్చాదమ్మా” అన్నారు బాబావలి గారు. “కొంచెం ఆలస్యం. ఆ పెట్టె మింద నుంచి మాత్రం లేవొద్దు. లేచ్చే ఎవరన్నా కూచ్చుంటారు.”

ఫోన్ పెట్టేశాక ఘనీ గారు అందుకున్నారు. “వలీ భాయ్, పట్టా లేదు, నంబరు లేదు. దేని మీద తెస్తవ్? చాప మీదనా?”

“బస్సు మింద సార్. ఖసీం జనాన్ని బస్సుల్లో మజ్మాకు తెద్దాం. అక్కడున్న బండిని ఎనక్కి తిప్పి రియాద్‌కు పంపుదాం. ఆ బండిలో వచ్చినోళ్ళను అవే బస్సుల్లో ఖసీం చేరుద్దాం.”

“శుక్రవారం. బస్సులెవరిస్తరు నీకు?”

“శుక్రవారం కాబట్టే ఇచ్చారు. ఉనైజాలో ఖర్జూరం తోటల పనోళ్ళ బస్సులు ఈ పొద్దు ఖాళీ. జుమ్మా నమాజు కాంగానే తాళాలు ఇప్పిచ్చా. జిలానీ ఆ కంట్రాక్టరుతో రోజూ టీ తాగుతాడు.”

“నంబరు?”

ఇక్కడ బాబావలి గారు మొదటిసారి తడబడ్డారు. ఆ తడబాటు చూసి ఉదయకిరణ్ కుర్చీని తెర దగ్గరికి లాక్కున్నాడు. పాపం తనది. ప్రాయశ్చిత్తం కూడా తనే వెతకాలనుకుని తెర మీద నంబర్లన్నీ గాలించాడు. ఒకచోట వేలు ఆగింది.

“సార్, పెద్దవాళ్ళ తనిఖీ బండ్ల కోసం దాచిపెట్టిన నంబర్లు ఉన్నాయండీ. అందులో ఒకటి వాడొచ్చా? మీరు ఒప్పుకుంటేనే తెరుచుకుంటుంది.”

ఘనీ గారు తెరను, ఫోన్‌ను, పైకప్పును వరసగా చూశారు. “ఆ అమ్మ ఇంకా పెట్టె మీదనే కూసుందా?” అని తనలో తాను గొణుక్కున్నారు. ఆ తర్వాత, “సరే. పైనుంచి అడిగితే నేనే తనిఖీ చేసిన్నని చెప్త” అని వేలిముద్ర వేశారు.

అలా చనిపోయిన బండికి పునర్జన్మ లభించింది. ఆత్మ పాతదే, శరీరం మజ్మాది, నంబరు రాజవంశానిది.

ఆ మధ్యాహ్నం ఖసీం ప్రయాణికులు ఖర్జూరం బస్సులెక్కారు. సీట్లకు, చేతులకు, చివరికి ఒక పెద్దమనిషి గడ్డానికి కూడా ఖర్జూరం జిగురు అంటుకుంది. మజ్మాలో గేటు దగ్గర చిక్కొచ్చింది. టికెట్ల మీద పాత నంబరు, బండికి కొత్త నంబరు. యంత్రం ససేమిరా తెరుచుకోనంది.

“చక్రాల కుర్చీలు పోయే గేటు తెరిపించబ్బీ” అన్నారు బాబావలి గారు. “అది చేత్తో తెరుచుకుంటాది. దానికి చదువు ల్యా.”

ఉదయకిరణ్ ఫోన్ చేశాడు. జనం లోపలికి వెళ్ళారు. బండి కదిలింది.

కానీ తనిఖీ నంబరు ఊరికే పోతుందా? దాన్ని చూడగానే దారి పొడుగునా స్టేషన్ల వాళ్ళు ఉలిక్కిపడ్డారు. ప్లాట్‌ఫారాలు కడిగారు. టోపీలు సర్దుకున్నారు. రియాద్‌లో అయితే స్టేషన్ పెద్దలు వరసగా నిలబడి, గహ్వా కాఫీతో, పళ్ళెం నిండా ఖర్జూరాలతో ఎదురుచూశారు. మొదటి బోగీ తలుపు తెరుచుకుంది. తాడు కట్టిన సూట్‌కేసు ముందు దిగింది. దాని వెనక గురవమ్మ దిగింది. పెద్దలు అలవాటు ప్రకారం వంగి కాఫీ అందించారు. ఆమె తాగింది. ఖర్జూరాల పళ్ళెం చూసి మాత్రం మొహం చిట్లించింది.

“మల్లా ఇయ్యేనా? బస్సులో వీటి మిందనే కూచ్చోని వచ్చినా” అంది, ఎవరికీ అర్థం కాని తెలుగులో.

బయట మౌలాలి ఆఫీసు కారుతో సిద్ధంగా ఉన్నాడు. అట్నుంచి అటే విమానాశ్రయానికి తీసుకెళ్ళాడు.

కంట్రోల్ రూములో అందరూ ఊపిరి పీల్చుకుని టీ తాగారు. ఉదయకిరణ్ గోడ మీది మేకు చూసి నవ్వాడు. “ఈసారి ఫలకం మనదేనండీ ఘనీ గారూ. ఇలాంటి రోజు కూడా బాబావలి గారు బండి నడిపించారు.”

ఘనీ గారు అతని వైపు జాలిగా చూశారు. “ఏం మాట్లాడుతున్నవయ్యా? రద్దయిన బండి ఆలస్యం లెక్కల రాదు. పొద్దుగాల నువ్వు కొట్టిన రద్దు గట్లనే ఉంచి, మజ్మా బండికి గూడ అదే కొడితే మన బోర్డు అద్దం లెక్క ఉండేది. ఇప్పుడు రెండు బండ్లు లేటు. ఫలకం మల్ల పక్క గదికే. ఏటా ఇదే కథ.”

“అయ్యో! మరి ఆయనకు ఈ నియమం తెలీదాండీ?”

“తెల్వకపోవుడేంది? కొత్తోళ్ళకు ఆ పాఠం చెప్పేదే ఆయన. నీకు చెప్పలే?”

చెప్పారు. ఉదయకిరణ్‌కు గుర్తొచ్చింది. చేరిన కొత్తలో, భోజనం తర్వాత అందరూ కునుకుతున్న పూట, బాబావలి గారు చెప్పిన పాఠం: “ఆ మాట పడ్డ బండి ఆలస్యం లెక్కకు రాదు. పరీచ్చలో అడుగుతారు, రాసుకో. పనిలో మాత్రం మరిచిపో.” అప్పుడు చమత్కారం అనుకుని నవ్వాడు. ఇన్నాళ్ళుగా ఇత్తడి పిచ్చి అనుకున్నది ఇత్తడిని చేజేతులా వదులుకోవడమని ఇప్పుడర్థమైంది. నవ్వు మళ్ళీ వచ్చింది, ఈసారి తన మీద.

బాబావలి గారు ఇవేవీ వినలేదు. ఆయన ఫోన్‌లో ఉన్నారు.

“అన్నా, నేను గురవమ్మను. ముద్ర పడిపాయ, లోపలికొచ్చినా. దుమ్ముకు ఇమానం ఆలస్యమంట. ఇక్కడందరూ ఏడుచ్చాండారు. నేను మాత్రం హాయిగా కాళ్ళు జాపుకోని కూచ్చున్నా. ఆలస్యమే గదా, రద్దు గాదు గదా!”

బాబావలి గారు ఫోన్‌ను చెవికి కొంచెం దూరంగా జరిపారు. “బాగుండమ్మా. ఆ మాట మాత్రం అనాకు.”

ఘనీ గారు లేచి వెళ్తూ తెల్లబోర్డు దగ్గర ఆగారు. “వలీ భాయ్, ఈ అభా సంగతేంది? ఈ యేడు కూడా రద్దేనా?”

బాబావలి గారు నోరు తెరిచారు. అంతకంటే ముందే ఉదయకిరణ్ అందుకున్నాడు.

“లేదండీ. ఆలస్యంగా నడుస్తోంది. వచ్చే గురువారం బయల్దేరుతుంది. వ్యాను మౌలాలి సిద్ధం చేస్తున్నాడు. అది చెడితే ఖర్జూరం బస్సు ఉంది.”

బాబావలి గారు శిష్యుణ్ణి కాసేపు పరిశీలనగా చూశారు. తన టిఫిన్ సంచీని మేకు మీద కొంచెం పక్కకు జరిపారు.

మర్నాటి నుంచి ఆ మేకుకు రెండు సంచులు వేలాడుతున్నాయి. ఇక ఫలకం వచ్చినా తగిలించడానికి చోటు లేదు.