పెంచలయ్య ఆకుకూరల పుస్తకం

ఉదయగిరి కొండ కింద గొర్రెలు మేపుకునే పెంచలయ్యకు షుగరు మూలంగా ఎడమ కన్ను పోయి రెండేళ్లయింది. కుడి కంట్లోనూ నల్లమచ్చలు కదులుతున్నాయంటే భార్య నాగులమ్మ పోరు పెట్టి, వేసవి మొదట్లో ఆత్మకూరు కంటి డాక్టరు చంద్రమోహన్ దగ్గరికి బస్సులో తీసుకుపోయింది.

చంద్రమోహన్ మంచివాడే. షుగరున్నవాళ్ల తిండికీ, కంటి వెనక రెటీనా చెడడానికీ సంబంధం ఏమిటని ఈ మెట్ట ఊళ్లలో పరిశోధన చేస్తున్నాడు. పెంచలయ్యను గంటసేపు కూర్చోబెట్టాడు. మునగాకు వారానికి ఎన్నిసార్లు? పొన్నగంటాకు దొరుకుతుందా? అన్నమెంత, సంగటెంత? ఏం తింటున్నావని అంత శ్రద్ధగా అడిగిన మనిషి పెంచలయ్య బతుకులో ఇంకొకరు లేరు. బొమ్మల పుస్తకం ఒకటిచ్చి, ఏది తింటే ఆ గడిలో రోజూ టిక్కు పెట్టమన్నాడు. లేచేటప్పుడు, "రెటీనాలో రక్తం కారతా ఉండాది పెద్దాయనా. ఈ నెల్లోనే నెల్లూరు పోయి లేజరు చేయించుకో," అని చీటీ రాసిచ్చాడు.

తిండికి గంట, లేజరుకు నిమిషం. ఏది పెద్ద వైద్యమో పెంచలయ్యకు అర్థమైపోయింది. పైగా ఎండాకాలం పచ్చిక లేక గొర్రెలకు పొద్దు వాలితే చూపు ఆనదు, కంపకు గుద్దుకుంటాయి. వానలు పడి పదిరోజులు పచ్చి మేశాయంటే మళ్లీ మామూలే. నలభై ఏళ్లుగా చూస్తున్నాడు.

"లేజరుకు ఎప్పుడు పోదామయ్యా?" అంది నాగులమ్మ.

"గొర్రెకు ఎవురు పెట్టినారే లేజరు? ఆకు తింటే చూపు అదే వస్తాది. డాక్టరు గంటసేపు చెప్పినాడు, ఇన్లేదా?"

ఇక మొండిపట్టు పట్టాడు. ప్రాణమైన వరి అన్నం సగానికి తగ్గించాడు. మునగాకు గొంతు దిగకపోయినా మింగాడు. టిక్కు మాత్రం నాగులమ్మను పెట్టనిచ్చేవాడు కాదు. అంత నిష్ఠగా కన్ను పోగొట్టుకుంటున్న మనిషి మీద కోపం రావాలి గానీ, జాలే వస్తుంది.

దీపావళి ముందు వానలు దిగాయి. కొండ పచ్చబడింది. గొర్రెలు కంపను తప్పించుకుని సాయంత్రం దొడ్డికి చేరాయి. వాటి వెనక పెంచలయ్య నాగులమ్మ భుజం పట్టుకుని నడిచాడు.

ఆత్మకూరులో చంద్రమోహన్ కంట్లోకి లైటు వేసి ఒకటికి రెండుసార్లు చూశాడు. "లేజరు చేయించుకోలేదా?"

"మీరు చెప్పినట్టే ఆకు తింటన్నాను గదా సారూ," అంటూ పుస్తకం అందించాడు.

ఒక్క రోజూ వదలకుండా నింపిన పుస్తకం ఆ పరిశోధన మొత్తంలో అదొక్కటే. మొదటి నెల టిక్కులు గడుల నడుమ ఉన్నాయి. మూడో నెలకు గీతల మీదికొచ్చాయి. ఆఖరి పేజీల్లో బొమ్మలొకచోట, టిక్కులొకచోట. పుస్తకంలో ఒక్కో రోజుకు తిండికి నలభై గడులున్నాయి. లేజరుకు ఒక్కటీ లేదు. దాన్ని అచ్చు వేయించింది చంద్రమోహనే.

అతను నాగులమ్మ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆమె పమిట నోట్లో కుక్కుకుంది. పెంచలయ్యకు అవేవీ కనపడలేదు.

"ఇంకా ఎన్నాళ్లు తినాల సారూ?" అని అడిగాడు.