నా వంతు చింతగింజలు

ఎండాకాలం సెలవులు మొదలైనప్పటి నుంచి నా బిడ్డ చేతిలోంచి ఫోను వదిలించడం నా వల్ల కాలేదు. అందుకే అష్టాచెమ్మా బయటికి తీశాను. చిన్నప్పుడు నాకు అంత ఇష్టమైన ఆట ఇంకొకటి లేదు, ఒక్కనాడు కూడా గెలవకపోయినా.

హాల్లో బండల మీద చాక్‌పీసుతో గళ్లు గీశాను. మాతోనే ఉంటున్న మా అమ్మ ట్రంకుపెట్టెలోంచి రెండు గుడ్డ మూటలు వెతికి తెచ్చాను. ఎర్రది మా అన్నది, నీలంది నాది. ఒక్కో మూటలో నాలుగు చింతగింజలు, ఒక పక్క తెల్లబడేదాకా అమ్మ రాయి మీద అరగదీసినవి. కొట్లాట రాకుండా ఎవరి గింజలు వాళ్లకే అని అప్పట్లో రూలు పెట్టింది ఆమే. ఆ మూటలు చూసి, పాతవి ఎందుకు, కొత్తవి అరగదీసి ఇస్తానంది. నేనే వినలేదు.

నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, నాలుగూ నల్లగా పడితే అష్ట. అవి పడ్డవాళ్లు మళ్లీ వేసుకోవచ్చు, వాళ్ల కాయలు ఇక ఆగవు. నాకు రెండూ ఎన్నడూ పడేవి కావు. నాది పాడు చెయ్యి అని ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు, వాళ్లతో నేనూ నవ్వేదాన్ని.

మాది జంపఖానాలు నేసే ఇల్లు. రోజూ సాయంత్రం ఓడినవాళ్లు రాట్నం తిప్పి కండెలు చుట్టాలి, గెలిచినవాళ్లు చదువుకోవచ్చు. అన్న చదువుకున్నాడు, నేను కండెలు చుట్టాను. అంత చదివీ అన్న ఒకసారి తప్పడంతో పదో తరగతి ఇద్దరం ఒకే ఏడు పాసయ్యాం. హనుమకొండ కాలేజీకి ఒక్కరినే పంపగలనన్నాడు నాన్న. ఆట వేసి తేల్చుకోమంది అమ్మ. అన్న బస్సెక్కాడు. నేను రెండు రోజులు అన్నం తినలేదు గానీ ఎవరి మీదా కోపం పెట్టుకోలేదు. తప్పంతా నా చేతిదే కదా. ఆ తర్వాత ఏ మంచి పనికీ నా చెయ్యి ముందు పెట్టలేదు. మా కొత్తింట్లో పాలు పొంగించడానికి కూడా ఆడబిడ్డనే పిలిచాను.

మూడో రోజు ఆట మధ్యలో నా బిడ్డ నా గింజలు తీసుకుని ఊరికే వేయడం మొదలుపెట్టింది. వేస్తూనే ఉంది.

"అమ్మా, వీట్ల ఒకటి ఎప్పుడు నల్లగనే పడ్తాంది, ఇంకోటి తెల్లగనే పడ్తాంది. నీకు చెమ్మ ఎట్ల పడ్తది?"

నేనూ వేసి చూశాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తిప్పి చూశాను. ఒకదాని తెల్ల పక్క నేలకు అతుక్కునేలా బల్లపరుపుగా ఉంది, ఇంకొకదానిది అటు పడితే నిలవకుండా ఉబ్బెత్తుగా ఉంది. తెలిసి, ఓపిగ్గా అరగదీసిన గింజలవి.

అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. ఆమె చేతులు ఆగిపోయాయి. ఎందుకిట్లా చేశావని అడిగాను. కాదనలేదు.

"ఇద్దర్ని సదివించే తాకత్ మాకు లేకుండె బిడ్డా. నేనే వద్దంటె నన్ను జన్మల మాఫ్ చెయ్యకపోదువు. ఆటల ఓడిపోతె మాత్రం ఊకుంటవని తెల్సు."

అన్నకు తెలుసా అని అడిగాను. తెలియదంది. నమ్మాలో వద్దో నాకు తేలలేదు.

కాలేజీ పోయినందుకు ఏడ్చే వయసు నాకు దాటిపోయింది. నా కడుపు మండింది వేరే దానికి. ఓడిన ప్రతి సాయంత్రం నా తల నిమిరి, రేపు గెలుస్తవు తియ్ అన్నది ఈమె. నాది పాడు చెయ్యి అని అందరూ అంటుంటే వాళ్లతో కలిసి నవ్విందీ ఈమే. ఇన్నేళ్లలో ఒక్కసారి, నా పెళ్లినాడైనా, నీ చెయ్యి మంచిదే బిడ్డా అని ఉంటే ఆమె సొమ్మేం పోయేది? ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టాను.

మర్నాడు పొద్దున నా బిడ్డ వంటింటి డబ్బాలో చింతపండు వెతికి నాలుగు గింజలు తీసింది. వాకిట్లో రాయి మీద అరగదీసి తెచ్చి నా అరచేతిలో పోసింది. ఇద్దరం గళ్ల ముందు కూర్చున్నాం. నేను ఆట మొదలుపెట్టకుండా ఒక్కో గింజనూ విడిగా వేసి, ఎటు పడుతుందో చూడసాగాను.

నా బిడ్డ కాసేపు చూసి, "నేను సక్కగనే గీకిన అమ్మా" అంది.

తెలుసు బిడ్డా అన్నాను. అంటూనే నాలుగో గింజ కూడా వేసి చూశాను.