ఏప్రిల్ ఇరవై ఆరున ఖాళీ బోర్డు

టాటానగర్ పక్క గోవింద్‌పూర్‌లో లారీల కర్మాగారం దాటాక, కాలనీ రెండో వీధిలో గేటుకి నల్లబోర్డు వేలాడే ఇల్లు ఒక్కటే ఉంది. అది రిటైరైన ఇంజనీరు భీమశంకర్‌ది. పంచాంగం పేరెత్తితే చాలు, ఆయన ఒంటికాలి మీద లేస్తాడు. వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం అన్నీ పనిలేనివాళ్లు పుట్టించినవంటాడు. మరి ఈయనగారి పనేమిటయ్యా అంటే, పొద్దున్నే కాఫీ అయినా తాగకుండా సుద్దముక్క పట్టుకుని గేటు దగ్గర నిలబడడం.

బోర్డు మధ్యలో నిలువుగా ఒక గీత. ఎడమపక్కన 'ఆకాశంలో', కుడిపక్కన 'భూమ్మీద'. మార్చి పదమూడు వచ్చిందంటే ఎడమపక్కన యురేనస్ గ్రహం దొరికిందని రాస్తాడు, కుడిపక్కన అదే తేదీన లండన్‌లో ఉధమ్ సింగ్ పిస్తోలు పేల్చాడని రాస్తాడు. చదవాలని వచ్చినవాడు ఒక్కడూ లేడు. చదవకుండా పోనిచ్చే రకం ఈయనా కాదు. పాలవాడి సైకిలు హ్యాండిల్ పట్టుకుని మరీ వినిపిస్తాడు.

ముహూర్తాలు నమ్మని ఈ మహానుభావుడు ఏ శుభకార్యమైనా ఆకాశంలో ఏదో ఒకటి దొరికిన రోజునే చెయ్యాలంటాడు. ఈ ఇంటి గృహప్రవేశం ప్లూటో దొరికిన రోజని ఫిబ్రవరి పద్దెనిమిదిన చేశాడు. పంతులు వద్దు మొర్రో అంటున్నా వినలేదు. కొన్నేళ్లకి పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూర్చుని ప్లూటో అసలు పూర్తి గ్రహమే కాదని తేల్చేశారు. అప్పటినుంచీ నీళ్ల మోటారు మొరాయించినప్పుడల్లా భార్య రుక్మిణి ఆ ప్లూటోని తిట్టిపోస్తూనే ఉంది.

ఇవన్నీ రుక్మిణి భరించింది. పిచ్చి ముదిరి కూతురి పెళ్లి మీదికి వచ్చేసరికి మాత్రం ఆమెకి దిగులు పట్టుకుంది.

మనోజ్ఞ, బాగ్‌బేరా రైల్వే కాలనీ కుర్రాడు గౌరీశంకర్ ఒకరినొకరు ఇష్టపడ్డారు. అతను టాటానగర్‌లో అసిస్టెంట్ లోకో పైలట్. రెండిళ్లవాళ్లూ సరేనన్నారు. పెళ్లికొడుకు తల్లి అసిరమ్మ పంతులి చేత ముహూర్తం పెట్టించుకుని ఏప్రిల్ ఇరవై అయిదు అంది. హబుల్ దూరదర్శినిని అంతరిక్షంలో వదిలిన రోజు కదా అని భీమశంకర్ మురిసిపోయాడు. కుడిపక్క చూసుకుంటే నేపాల్ భూకంపం. ఆ తేదీ వద్దన్నాడు. మే నెలాఖరుకి ఇంకో తేదీ తెస్తే, వందేళ్ల కిందట ఆ రోజున కెనడాలో ఓడ మునిగిందన్నాడు. కెనడాలో ఓడకీ బాగ్‌బేరా పెళ్లికీ ఏం చుట్టరికమో ఆ దేవుడికే తెలియాలి.

మూడోసారి అసిరమ్మ ఒక్కతే వచ్చింది. కాజాల పొట్లం బల్ల మీద పెట్టింది గానీ కుర్చీలో సరిగా ఆనుకోలేదు.

"శ్రావణంలో ఒక్కటే కుదిరింది అన్నయ్యగారూ. ఆగస్టు పద్దెనిమిది."

భీమశంకర్ ముఖం వెలిగిపోయింది. "అబ్బో, అది మామూలు రోజు కాదమ్మా. గ్రహణం పట్టిన సూర్యుడి వెలుగులో హీలియం వాయువు జాడ మొదటిసారి కనపడిన రోజు. ఎక్కడనుకున్నారు? మన గుంటూరులో."

రుక్మిణి గుండె తేలికపడింది. అంతలోనే ఆయన గొంతు తగ్గింది. వేళ్లు గడ్డం మీదికి పోయాయి.

"కానీ... నేతాజీ ఎక్కిన విమానం కూలిందని చెప్పేది కూడా ఆ తేదీనే."

లోపలి గుమ్మంలో నిలబడ్డ మనోజ్ఞ, "బస్ కీజియే, పాపా, ఇక చాలించండి," అంది. గొంతులో ఏడుపు ఉంది.

అసిరమ్మ లేచి నిలబడింది. "మేం రైల్వే కోటర్ల వోలం, మీరు ఇంజనీర్లు. మా అబ్బాయి నచ్చకపోతే సూటిగా సెప్పేయండి. సుక్కల మీద పెట్టకండి. ఇది కూడా కాదంటే ఏరే సంబంధం సూసుకుంటాం."

"అయ్యో, అది కాదమ్మా," అని భీమశంకర్ తడబడ్డాడు. నిజంగా అది కాదు. ఆ సంగతి రుక్మిణికి తెలుసు. ఆ మనిషికి ఎక్కువతక్కువలు తెలియవు, తేదీలే తెలుసు. ఆ మాట బయటివాళ్లకి చెబితే ఎవరు నమ్ముతారు? కూతురి ముఖం చూసి ఆమెకి ఒళ్లు మండింది.

"ఏటండీ," అంది. "మన పెళ్లి ఏప్రిల్ ఇరవై ఆరు. ఏటా ఆ ఒక్కరోజు బోర్డు తుడిచేసి ఖాళీగా ఉంచుతారు. మా ఆయనకి పెళ్లిరోజంటే అంత గౌరవం కాబోలని ఇన్నాళ్లూ మురిసిపోయాను. ఆ రోజు ఏటి జరిగిందో ఇప్పుడు సెప్పండి."

భీమశంకర్ కాజాల పొట్లం దారం విప్పసాగాడు.

"సెప్పండి."

"విశ్వమంటే మన పాలపుంత ఒక్కటేనా, ఇంకా ఉన్నాయా అని ఇద్దరు పండితులు వాదించుకున్నారు. అమెరికాలో."

"అదా, మనింట్లో వాదన తెగకపోవడానికి కారణం. కుడిపక్క?"

"అదే రోజు మద్రాసులో రామానుజన్ పోయాడు. ముప్పై రెండేళ్లకే." ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. "చెర్నోబిల్‌లో అణుకేంద్రం పేలిందీ ఆ తేదీనే."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"పెళ్లయిన మొదటేడే."

"తెలిసే ఇన్నేళ్లు కాపురం సేసారా?"

"నీకు తెలిస్తే బెంగపడతావని రాయలేదు," అన్నాడు ఆ నాస్తిక శిఖామణి. కళ్లు తుడుచుకోవడానికి కళ్లజోడు తీశాడు.

రుక్మిణికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అసిరమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "వదినా, ఆగస్టు పద్దెనిమిదే ఖాయం. ఈయన్ని నాను సూసుకుంటాను."

పెళ్లినాడు పొద్దున్నే, సన్నాయి వాళ్లింకా రాకముందే, భీమశంకర్ పట్టుపంచెతో గేటు దగ్గరికి వెళ్లాడు. ఎడమపక్కన గుంటూరు, హీలియం. కుడిపక్కన నేతాజీ విమానం. ఏదీ దాచలేదు. ఆ తరువాత బోర్డు మధ్య గీత దగ్గర ఆగిపోయి, సుద్దముక్క అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు.

వెనకాల రుక్మిణి కాఫీ గ్లాసుతో వచ్చింది. "ఇంకా ఏటి ఆలోచన?"

"మన పిల్ల పెళ్లి ఎటుపక్క రాయాలా అని."

"దొరికినవి రాసే పక్క రాయండి," అంది. "మంచి అల్లుడు దొరికాడు కదా."

ఆయన ఎడమపక్కన, గుంటూరు కింద, మనోజ్ఞ, గౌరీశంకర్ల పేర్లు రాశాడు. దానికింద చిన్నక్షరాలతో ఏప్రిల్ ఇరవై ఆరు అని రాసి, పక్కనే రుక్మిణి అని రాశాడు.